లాల్‌బాగులో ఒక దినము

హైదరాబాదు నగరమున బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్ లింగంపల్లి అను పేటలు ఉన్నవి. ‘బాగ్’ అనగా తోట. ఆ పేర్లను జనులు ప్రతిదినము పలుకుదురు. ఉత్తరముల మీద వ్రాయుదురు. బస్సులో టిక్కెట్టు అడుగునపుడు చెప్పుదురు. కాని ఆ పేరులోని తోట ఎక్కడ అని ఎవరైన అడిగినచో వ్రేలు చాచి చూపగలవారు లేరు. తోట పోయినది, పేరు మిగిలినది. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్సు వలె నిలిచినవి కొన్నియే.

బెంగుళూరులో ఇట్టి పేరే గల తోట ఒకటి ఉన్నది. అదియే లాల్‌బాగ్. 1760లో నాటిన ఆ తోట నేటికిని తోటగనే ఉన్నది. ఉండుటయే కాదు, నాడు సుమారు 40 ఎకరములుగా ఉన్నది నేడు 240 ఎకరములైనది. చుట్టును నగరము పెరుగుచుండగా నడుమ తోట కూడ పెరుగుట లోకములో తరచుగా జరుగు పని కాదు. ఇది ఎట్లు జరిగినదో తెలిసికొనుచు ఆ తోటను, దాని ఇరుగుపొరుగును ఒక దినము చూచి వత్తము.

హిందూపురము, అనంతపురము, చిత్తూరు ప్రాంతముల వారికి బెంగుళూరు పొరుగూరి వంటిది. పెండ్లి చీరలకు, వైద్యమునకు, చదువులకు, ఉద్యోగములకు అక్కడికి పోవుచునే యుందురు. వచ్చిన పని ముగించుకొని రైలువేళకు మిగిలిన గంటలో లాల్‌బాగును చుట్టివచ్చు వారే ఎక్కువ. మా మాట వినినచో దీనికి ఒక పూర్తి దినము ఇవ్వవలెను. 2017 నుండి మెట్రో రైలు లాల్‌బాగ్ స్టేషనులో ఆగుచున్నది. అక్కడ దిగినవారు పడమటి ద్వారమున ప్రవేశింతురు. అది సులువైన దారియే. కాని మేము మాత్రము తెల్లవారగనే ఉత్తరపు ద్వారము చేరుట మేలందుము. ఏలన, ఆ ద్వారమునకు సమీపముననే తోటలోని అతి ప్రాచీనమైన వస్తువు ఉన్నది. అది చెట్టు కాదు, బండ.

ఆ బండ ఏనుగు పడుకొన్నట్లు నున్నగా, విశాలముగా ఉండును. పెద్దలు, పిల్లలు కూడ చెప్పులు చేతపట్టుకొని సులభముగా ఎక్కగలరు. చూపునకు మన అనంతపురము, పెనుగొండ ప్రాంతపు కొండరాళ్ల వంటిదే. దీని వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. దక్షిణ భారతదేశపు నేలకు పునాదిగా ఉన్న నైస్ అను శిలాజాతికి ఇది చక్కని మచ్చుతునక. హిమాలయములు దీని ముందు నిన్న మొన్న పుట్టిన పసిబిడ్డలు. భారత భూగర్భ సర్వేక్షణ శాఖ వారు దీనిని జాతీయ స్మారకముగా ప్రకటించి ఒక శిలాఫలకమును నిలిపినారు. మేము పోయిన ఉదయమున ఒక తాత తన మనుమనికి ఆ ఫలకమును కూడబలుకుకొని చదివించుచున్నాడు. బాలుడు 300 కోట్లకు ఎన్ని సున్నలో వ్రేళ్లమీద లెక్కపెట్టుచున్నాడు.

బండ శిఖరమున ఒక చిన్న మంటపము ఉన్నది. దానిని కెంపెగౌడ గోపురమందురు. 1537లో బెంగుళూరు కోటను, పేటను కట్టించినవాడు కెంపెగౌడ. ఆయన పేర తెలుగులో గంగాగౌరీవిలాసమను యక్షగానము ఒకటి ఉన్నదని మన సాహిత్య చరిత్ర చెప్పుచున్నది. నగరమునకు నాలుగు దిక్కుల ఇట్టి గోపురములు నాలుగు ఉన్నవి. ఊరు పెరిగినచో ఇంతవరకు పెరుగునని పెద్దలు గురుతు పెట్టినారని జనుల నమ్మకము. ఆ మంటపము నీడన నిలిచి చుట్టును చూచినచో, తోట అంచున చెట్ల పచ్చదనము తుదముట్టి, ఆ వెనుక మేడలు దిగంతము వరకు కనబడును. నాలుగు గోపురములును ఇపుడు ఊరి నడుమనే ఉన్నవి. పెద్దలు గీచిన గీటును ఊరు ఎన్నడో దాటిపోయినది. ఈ బండ మీదనుండి చూచినపుడే క్రింది తోట విలువ మనకు కన్నులకు కట్టును.

బండ దిగునపుడు ఈ తోట చరిత్రను కొంచెము తలచుకొందము. సిరా పట్టణమున మొగలాయిల పద్ధతిలో వేసిన తోటను చూచి ముచ్చటపడి హైదరాలీ 1760లో ఇచ్చట తోట వేయించినాడు. ఆయన కుమారుడు టిప్పు సుల్తాను దూరదేశముల నుండి విత్తులను, మొక్కలను తెప్పించినాడు. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయినది, టిప్పు మరణించినాడు, రాజ్యము తారుమారైనది. ఓడినవాని కోటను గెలిచినవాడు కూల్చుట చరిత్రలో మామూలు. కాని తోటను ఎవరును కూల్చలేదు. కుంపిణీ వారి కాలమున అది చేతులు మారినది. కొంతకాలము కలకత్తా ఉద్యానము వారి అజమాయిషీలో ఉన్నది. 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యానమైనది. 1881లో మైసూరు రాజ్యము తిరిగి ఒడయరుల చేతికి వచ్చినది. 1947 తరువాత ప్రజాప్రభుత్వము వచ్చినది. ఇన్ని ప్రభుత్వములు మారినను ప్రతి ప్రభుత్వమును దీనికి ఏదో ఒకటి చేర్చినది. జాన్ కామెరాన్ అను అధికారి కాలమున 1889, 1891, 1894 సంవత్సరములలో మూడు మారులు నేల కలిపినారు. మనము ఇప్పుడు దిగుచున్న ఈ బండ కూడ అట్లు వచ్చి చేరినదే. 1894 నాటికి తోట 188 ఎకరములైనది. స్వాతంత్ర్యానంతరము మరిగౌడ అను ఉద్యానశాస్త్రజ్ఞుడు దీనిని మరింత వృద్ధిచేసినాడు.

అధికారుల పేర్లు చెప్పి తోటమాలిని మరచుట న్యాయము కాదు. బెంగుళూరులో తిగళులు అను వారు ఉన్నారు. పూలు, కూరగాయలు పెంచుట వారి కులవృత్తి. చైత్రమాసమున ధర్మరాయస్వామి గుడి నుండి బయలుదేరు కరగ ఉత్సవము వారిదే. ఈ నేలను త్రవ్వి, పాదులు చేసి, నీరు పోసిన చేతులలో తరతరముల తిగళుల చేతులు ఉన్నవి. ఆజ్ఞ ఇచ్చినవాని పేరు ఫలకమున ఉండును. నీరు పోసినవాని పేరు చెట్టునందే ఉండును.

బండ నుండి చెట్ల నీడన నడిచి పోయినచో గాజుటిల్లు కనబడును. లండనులో 1851 ప్రదర్శనకై కట్టిన స్ఫటికసౌధమును తలపించునట్లు దీనిని నిర్మించినారు. 1889 నవంబరు 30వ తేదీన ఆల్బర్టు విక్టరు యువరాజు పునాదిరాయి వేసినాడు. పోత ఇనుప స్తంభములు, కమానులు, వాని నడుమ గాజుపలకలు, ఇంతయే కట్టడము. అయినను లోన నిలిచినచో తలమీద ఆకాశమే కప్పుగా ఉన్నట్లు తోచును. గణతంత్ర దినమునకు, స్వాతంత్ర్య దినమునకు ఏటేట రెండు మారులు ఇచ్చట పూలప్రదర్శన జరుగును. ఆ దినములలో పూలకంటె తలలే ఎక్కువగా కనబడును! పసిపిల్లలతో పోవువారు సెలవుదినమును విడిచి మామూలు దినమున, ఉదయమున పోవుట సుఖము. పూలప్రదర్శన చూడదగినదే, కాని అది పది పన్నెండు దినముల పండుగ. చెట్లు మాత్రము ఏడాది పొడవున ప్రదర్శనమిచ్చుచునే ఉండును.

ఇచ్చట గృహిణులకు ఒక మాట చెప్పవలెను. మన వంటిండ్లలో బెంగుళూరు వంకాయ అనునది ఒకటి ఉన్నది గదా! లేత ఆకుపచ్చగా, ముడుతలు పడి, పెద్ద జామపండంత ఉండును. పప్పులో వేయుదుము, పెసరపప్పుతో కూర చేయుదుము, పచ్చడి నూరుదుము. నిజమునకు అది వంకాయయు కాదు, బెంగుళూరులో పుట్టినదియు కాదు. గుమ్మడి, సొర, దోస జాతికి చెందిన ఆ తీగ పుట్టిల్లు మెక్సికో ప్రాంతము. దానిని ఈ ప్రాంతపు నేలకు అలవాటు చేసిన ఘనత కామెరాన్ కాలపు లాల్‌బాగుకు చెందును. ఇట్టి ఉద్యానముల ముఖ్యమైన పని అదియే. పరదేశపు విత్తును తెచ్చి, మన ఎండకు, మన వానకు అది నిలుచునా లేదా అని ముందు తోటలో పరీక్షింతురు. నిలిచినదానిని రైతునకు ఇత్తురు. ఒక తోటలో జరిగిన పరీక్ష వందల మైళ్ల దూరమున మన కంచములోనికి వచ్చి కూర్చున్నది. లాల్‌బాగును ఎన్నడును చూడనివారు కూడ దాని ఫలమును తినుచునే ఉన్నారు. ఉద్యానము కేవలము షికారు కొరకే కాదని దీనివలన తెలియుచున్నది.

కామెరాన్ తరువాత 1908లో క్రుంబిగల్ అను జర్మను దేశస్థుడు వచ్చినాడు. డ్రెస్డెన్ సమీపమున పుట్టి, లండనులోని క్యూ ఉద్యానమున పనిచేసి, బరోడా సంస్థానము మీదుగా మైసూరు సంస్థానమునకు చేరినాడు. బెంగుళూరు వీధులకు చెట్లను ఎన్నుకొనుటలో ఆయన ఒక సొంపైన యోచన చేసినాడు. ఒక జాతి చెట్ల పూత ముగియునప్పటికి మరియొక జాతి పూతకు రావలెను. ఏడాదిలో ఏ నెలయందును నగరము పూలు లేక ఉండరాదు. ఆ యోచన ఫలము నేటికిని చూడవచ్చును. మాఘ ఫాల్గుణములలో గులాబిరంగు, పసుపురంగు టబెబుయాలు విరియును. పిమ్మట ఊదారంగు జకరండాలు. ఎండలు ముదిరినకొలది ఎర్రని తురాయిలు. తాను నాటించిన చెట్టు నిండుగా పూచుటకు ఇరువది ముప్పది ఏండ్లు పట్టునని ఎరిగియు వాటిని నాటుట సామాన్యమైన ఔదార్యము కాదు. ఆయన 1956లో బెంగుళూరులోనే కన్ను మూసినాడు. తోట సమీపమున ఒక వీధికి ఆయన పేరు పెట్టినారు.

ఇక తోటలోని వృద్ధులను దర్శింపవలెను. వారిలో తెల్లబూరుగ చెట్టు ముఖ్యము. దాని వ్రేళ్లు నేలమీదకు లేచి గోడలవలె నిలిచినవి. ఆ గోడల నడుమ నలుగురు మనుష్యులు దాగవచ్చును. మేము దాని చెంత నిలిచి కొంతసేపు ఎవరమును మాటాడలేదు. గుడిలో వచ్చునట్టి మౌనమే అక్కడను వచ్చినది. మామిడిచెట్లు, నిద్రగన్నేరులు, సన్నగా ఎత్తుగా పెరిగిన అరకేరియాలు, ఇంకను పేరు తెలియని వందల జాతులు ఉన్నవి. చాల చెట్లకు పేరు, జాతి తెలుపు పలకలు కట్టినారు. ఇంటివద్దనుండియే ఒక చిన్న నోటుపుస్తకము తీసికొనిపోయి, పిల్లలచేత పది చెట్ల పేర్లు వ్రాయించినచో ఆ దినము సార్థకమైనట్లే.

అచ్చటనుండి దక్షిణముగా పోయినచో చెరువు వచ్చును. గట్టున కూర్చుండి నీటికోళ్లను, కొంగలను చూచుట పిల్లలకును పెద్దలకును సమానమైన వినోదము. అయితే ఈ చెరువును చూచినపుడు వినోదమునకు మించిన సంగతి ఒకటి తలపునకు రావలెను. బెంగుళూరు నదీతీరమున లేదు. పూర్వులు పల్లపు తావులలో గట్లు వేసి, చెరువు వెంట చెరువు కట్టి, వాననీటిని నిలుపుకొనినారు. ఆ చెరువులలో అనేకము నేడు మేడల క్రింద ఉన్నవి. దాని ఫలము ఏమి? 2022 సెప్టెంబరులో పెద్ద వానలు కురిసి నగరపు తూర్పు భాగమున మేడలలోనివారు పడవలు, ట్రాక్టరులు ఎక్కి బయటపడినారు. రెండేండ్లు తిరుగకముందే, 2024 వేసవిలో, అదే నగరమున బోరుబావులు ఎండి ట్యాంకరు నీటికై జనులు బారులు తీర్చినారు. వాన వచ్చినచో ముంపు, రాకున్నచో కరవు! ఈ రెండును ఒకే జబ్బునకు రెండు లక్షణములు. నీరు ఇంకుటకు నేల లేనిచో అది వీధిన పడి పారును. ఇంకని నీరు వేసవిలో బావికి రాదు. 240 ఎకరముల మెత్తని నేల, దాని నడుమ ఒక చెరువు ఉన్నవనగా, ఆ మేరకు నగరము ఊపిరి పీల్చుకొనుచున్నదని అర్థము. తోటను అలంకారమని తలచువారు ఈ లెక్కను ఒకసారి చూడవలెను.

మధ్యాహ్నమునకు ఆకలి వేయును. ఉత్తరపు ద్వారము వెలుపల మావళ్లి అను పేట ఉన్నది. అక్కడి మావళ్లి టిఫిన్ రూమ్స్ 1924లో పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము దొరకక ఇడ్లీ చేయుట కష్టమైనపుడు, రవ్వతో ఇడ్లీ చేయు పద్ధతిని తామే కనిపెట్టితిమని ఆ ఇంటివారు చెప్పుకొందురు. కరవు కాలపు ఉపాయము నేడు విందు వంటకమైనది. పడమటి ద్వారమున వెలువడినవారు మాత్రము బసవనగుడి పేటకు పోవచ్చును. 1898 నాటి ప్లేగు పిమ్మట, ఇరుకు పేటలనుండి జనులను గాలి వెలుతురు గల తావులకు చేర్చుటకై విస్తరించిన పేటలలో అది ఒకటి. చెట్లనీడ గల వీధులు, పాత పెంకుటిండ్లు కొన్ని ఇంకను మిగిలి ఉన్నవి. గాంధీబజారులో పూలు మూరల లెక్కన అమ్ముదురు; అక్కడి విద్యార్థిభవన్ దోసెల కొరకు జనులు గుమ్మము ముందు ఓపికగా నిలుచుందురు.

బసవనగుడి అనగా నందీశ్వరుని గుడి. కెంపెగౌడ కట్టించిన ఆ గుడిలో ఏకశిలా నంది మనిషికి రెండింతలు మించిన ఎత్తున కూర్చున్నది. లేపాక్షి బసవన్నను చూచినవారికి ఈయన ఆ ఇంటి చుట్టమని తోచును. ఒక ఎద్దు శనగకాయ చేలను మేయుచుండగా రైతులు తరిమినారని, అది ఈ కొండపై శిలయైనదని స్థలకథ. ఆనాటినుండి కార్తికమాసపు చివరి సోమవారమున రైతులు తొలిపంటను తెచ్చి నందికి అర్పింతురు. దానిని కడలెకాయి పరిషె అందురు. మన రాయలసీమవారు జాతరను పరస అనుట ఇట్టిదే. ఆ దినములలో వీధికి ఇరుప్రక్కల వేరుశనగకాయలు రాశులు పోసి అమ్ముదురు. కన్నడము, తమిళము, తెలుగు మూడును అక్కడ వినవచ్చును. మేము బేరమాడిన అవ్వ మా మాట వినగనే నవ్వి, మన తెలుగులోనే మాటాడి, కొసరుగా ఒక దోసెడు మా సంచిలో పోసినది. సమీపమున గవిపురములో గుహాలయము ఒకటి ఉన్నది. మకర సంక్రాంతి సాయంకాలమున సూర్యకిరణము బయటి నంది కొమ్ముల నడుమగా పోయి లోని గంగాధరేశ్వర లింగమును తాకును. సూర్యుని నడకను కట్టినవారు అంత నికరముగా ఎరిగియున్నారు.

ఇట్లు ఒక్క దినమున 300 కోట్ల ఏండ్ల బండను, రెండు శతాబ్దములకు మించిన తోటను, నూరేండ్ల వంటిల్లును, ఏటేట వచ్చు శనగకాయను చూడవచ్చును. అన్నియు నడకదూరమున, లేక కొద్దిపాటి ఆటో ప్రయాణమున ఉన్నవే. చూచి వచ్చుటకు పెద్ద ఖర్చును కాదు. అయితే చూచిన పిమ్మట ఇంటికి ఏమి తెచ్చుకొందము?

ఈ తోట నిలుచుటకు ఒక్క మహారాజు దయ, ఒక్క అధికారి నేర్పు చాలలేదు. తన చేతికి వచ్చినదానిని తగ్గింపక తరువాతివానికి ఇచ్చు గుణము ఒకరి తరువాత ఒకరికి ఉండుటచేత నిలిచినది. వారిలో ఒక్కరు ఈ నేలకు వెలకట్టి ముక్కలు చేసియున్నచో, లాల్‌బాగ్ కూడ నేడు ఒక బస్సుస్టాపు పేరుగా మాత్రమే మిగిలెడిది. నేలను ఒకసారి కట్టడములకు ఇచ్చినపిమ్మట తిరిగి తోట చేయుట ఎవరి తరమును కాదు.

మన ఊళ్లలో కూడ ఇంకను మిగిలిన తావులు ఉన్నవి. మునిసిపల్ పార్కు ఒకటి, బడి వెనుక ఖాళీ నేల ఒకటి, ఊరి చెరువుగట్టున నాలుగు చింతచెట్లు. అవి చిన్నవని చులకన చేయరాదు. లాల్‌బాగ్ కూడ మొదట 40 ఎకరములే. రేపు ఆదివారము సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని మీ ఊరి పార్కుకు పోయి, అక్కడి చెట్లు ఎన్ని, వాని పేర్లేమి, ఎవరు నీరు పోయుచున్నారు అని తెలిసికొనుడు. జనులు నడుచు తోటను కాజేయుటకు ఎవరైనను జంకుదురు. ఎవరును పోని తోటయే ముందుగా పోవును.